ఖాళీ మేకు, సెంటు పూసుకున్న రిజిస్ట్రారు

కొత్తగా చేరే లెక్చరర్లకు పనికొచ్చేలా నాలుగు మాటలు రాసివ్వమని మా యూనివర్సిటీ వాళ్లు అడిగారు. "మీ విజయాల గురించి సార్" అని కూడా అన్నారు. ఇంటికొచ్చి ఆలోచిస్తే విజయాలు అర పేజీకి కూడా సరిపోలేదు. పొరపాట్లయితే దండిగా ఉన్నాయి. ఉన్నదే కదా పెట్టాలి, అవే రాస్తున్నాను.

మాది వ్యాపార అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయం. ఆ పేరు ఖాయం చేసిన కమిటీలో నేనూ ఉన్నాను, కాబట్టి తిట్టేవాళ్లు నన్ను కూడా కలుపుకుని తిట్టవచ్చు. రాబర్ట్‌సన్‌పేటలో ఆటో ఎక్కి ఆ పేరంతా చెబితే డ్రైవరు మనల్ని జాలిగా చూస్తాడు. "యాపారం కాలేజీనా? ముందే చెప్పకూడదా అప్పా" అంటాడు. ఊరికి అది మొదటి నుంచీ యాపారం కాలేజీనే.

గుడ్డల అంగడి మీద మేడ

మా ఊరి బంగారు గనులు మూసేశాక కేజీఎఫ్‌లో రెండే పనులు మిగిలాయి. తెల్లవారి రైలెక్కి బెంగళూరికి పోవడం, పోలేనివాళ్లు పోయినవాళ్ల కోసం ఎదురుచూడడం. అప్పుడు గోవిందప్ప సార్ అనే ఒక మనిషి బజారులో గుడ్డల అంగడి పైన మేడ అద్దెకు తీసుకుని, వ్యాపారం నేర్పే కాలేజీ అని బోర్డు కట్టాడు. ఆయన గనిలో టైమాఫీసు గుమాస్తా. ఉద్యోగం చేస్తూనే పోస్టులో పాఠాలు తెప్పించుకుని ఎంకాం ప్యాసయ్యాడు. నేను బెంగళూరులో కాలేజీకి పోయి, ఫస్టు క్లాసులో ఎంకాం చేశాను. ఈ తేడా నేను చాలా ఏళ్లు మరిచిపోలేదు. ఆయనకు అసలు గుర్తే లేదు.

నన్ను పనిలోకి తీసుకున్న రోజు ఆయన అడిగింది ఒకే ప్రశ్న. "నువ్వు చెంగయ్య కొడుకువి కదప్పా?"

అవునన్నాను. ఆ మాట వెనక ఒక కథ ఉంది. గనిలో దిగే ప్రతి మనిషికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల ఒకటి ఉండేది. దిగేటప్పుడు టైమాఫీసు బోర్డు మీది మేకు నుంచి తీసుకుపోవాలి, పైకి వచ్చాక అదే మేకుకు తగిలించాలి. షిఫ్ట్ అయ్యాక మేకు ఖాళీగా ఉందంటే మనిషి లోపలే ఉన్నాడని అర్థం. నేను చిన్నవాడిగా ఉన్నప్పుడు ఒకనాడు మా నాన్న మేకు ఖాళీగా మిగిలింది. పొరపాటున బిళ్ల ఇంటికి తీసుకుపోయి ఉంటాడులే అని అందరూ అన్నారట. గోవిందప్ప సార్ రిజిస్టరు మూయనన్నాడు. షిఫ్ట్ పెద్దను వెంటబెట్టుకుని మనుషుల్ని కిందికి దింపించాడు. రాయి పడి కాలు ఇరుక్కున్న మా నాన్న దొరికాడు. తర్వాత చాలా ఏళ్లు కుంటుతూనే మమ్మల్ని పెంచాడు.

కాలేజీ మొదలైన వారంలోనే సార్ పాత సామాన్ల అంగట్లో ఇత్తడి బిళ్లలు కొని, నంబర్లు కొట్టించి, చెక్క బోర్డుకు మేకులు దిగ్గొట్టించాడు. మా పిల్లలకు మూడు రోజులు క్లాసు, మూడు రోజులు పని. పని అంటే మండీ, మిల్లు, అంగడి, పాల సొసైటీ, ఎక్కడైనా సరే. పొద్దున బిళ్ల తీసుకుపోవాలి, సాయంత్రం వచ్చి తగిలించాలి. అన్ని బిళ్లలూ వచ్చేదాకా ఆ రోజు డ్యూటీలో ఉన్న మాస్టరు ఇంటికి పోకూడదు.

"బుక్కులో యాపారం యాడుండాది? బయట ఉండాది. బయటికి పంపించినాక పిల్లోళ్లు తిరిగొచ్చేదాకా మనదే జవాబుదారి" అనేవాడు.

నాకు ఆ బోర్డు చూస్తే తల కొట్టేసినట్టుండేది. ఎంకాం ఫస్టు క్లాసు వాణ్ణి, మేకులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడమా? మా నాన్న ఆ మేకు వల్లే బతికాడన్న సంగతి తెలియక కాదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా పెద్దలు.

మునెమ్మ దగ్గర నా మొదటి క్లాసు

నా తెలివికి మచ్చుగా ఒకటి చెప్పి ముందుకు పోతాను. చేరిన ఏడాది పిల్లల్ని కోలారు టమాటా మండీకి తీసుకుపోయాను. గిరాకీ, సరఫరా అనే పాఠాన్ని కళ్లెదుట చూపిద్దామని నా ఉబలాటం. ముళబాగిలు పక్క పల్లె నుంచి మునెమ్మ అనే పెద్దామె టమాటా పెట్టెలు దించుకుంటోంది. ఆమెను ఆపి, ఈరోజు సరుకు ఎక్కువ వచ్చింది కాబట్టి ధర పడింది, రేపు తక్కువ వస్తుంది కాబట్టి పెరుగుతుంది, ఈరోజు అమ్మవద్దు అని బోధించాను. పిల్లలు నోట్సు రాసుకుంటున్నారు.

ఆమె తలగుడ్డ సర్దుకుని నన్ను కిందనుంచి పైకి చూసింది. "టమాటా నీ మాదిరి చదువుకోలేదప్పా. రేపటిదాకా ఉండమంటే ఉండదు, నీళ్లు కారిపోతాది" అని అప్పుడే వేలంపాట పాడించి అమ్మేసుకుంది.

మర్నాడు వాన పట్టింది. చిత్తూరు పక్క నుంచి రావలసిన లారీలు రాలేదు, కొనేవాళ్లూ రాలేదు. నా మాట విన్న ఒకే ఒక్క రైతు తన పెట్టెల్ని మండీ వెనక ఆవులకు పెట్టి పోయాడు. ఆయన పేరు నేను అడగలేదు. అడిగే మొహం లేదు.

కొత్తవాళ్లకు ఒక్క మాట. సలహా ఇవ్వడం మన ఉద్యోగమే. కానీ ఆ సలహా తప్పయితే ఎవరి సరుకు కుళ్లుతుందో ముందే కనుక్కోండి. దాదాపు ఎప్పుడూ మనది కాదు.

బోర్డు దించిన మొనగాడు

మేడ చాలక పాత గోడౌనుకు మారాం. గోడౌను చాలక ఊరి బయట, గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ కనపడే చోట సొంత కట్టడాలు లేచాయి. గోవిందప్ప సార్ రిటైరయ్యాడు, నేను రిజిస్ట్రారునయ్యాను. కాలేజీని యూనివర్సిటీ చేయాలని పైవాళ్లకు అర్జీ పెట్టాం. తనిఖీ కమిటీ వస్తుందన్నారు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అది నేనే. గేటు దగ్గర మొహం చూసి హాజరు వేసే మిషన్ పెట్టించాను. ఆఫీసు ఫోనుకు, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పే ఏర్పాటు చేయించాను. ఆ గొంతు కూడా నాదే. నాది గంభీరమైన గొంతని మా ఇంటావిడ పెళ్లయిన కొత్తలో ఒకసారి అన్నది. హాజరు చాలనివాళ్ల పేరు పరీక్షల జాబితా నుంచి మిషనే తీసేసేలా నిబంధన రాశాను. దాని చివర "ఎవరికీ, ఏ కారణం చేతనూ మినహాయింపు లేదు" అని ఒక వాక్యం చేర్చాను. ఆ వాక్యం మీద నాకెంత ముచ్చట అంటే, రెండుసార్లు పైకి చదువుకున్నాను.

తర్వాత బిళ్లల బోర్డు దించేయించాను. పెద్దవాళ్లొచ్చే చోట గని సామాను ఉంటే బాగుండదని నా అభిప్రాయం.

గేటు ఎదురుగా సెల్వి అక్క టీ అంగడి ఉంది. వాళ్లాయన కూడా గని మనిషే. నేను చెత్తలో వేయించిన బోర్డును ఆమె తెచ్చి అంగట్లో తగిలించుకుంది. పిల్లలు అలవాటు మానలేదు. బిళ్ల ఆమె దగ్గర తీసుకుపోవడం, వచ్చి టీ తాగుతూ తగిలించడం. గోవిందప్ప సార్ రోజూ సాయంత్రం వచ్చి బోర్డు ఎదురుగా బెంచీ మీద కూర్చునేవాడు. నేను కారులో వెళ్తూ చేయి ఊపేవాణ్ణి. ముసలాయనకు కాలక్షేపం కావాలి కదా అనుకునేవాణ్ణి.

కమిటీ రావడానికి రెండు వారాల ముందు ఆయన నా గదికి వచ్చాడు.

"అప్పా చలపతీ, నాగవేణి మేకు నిన్నటి నుంచి ఖాలీగా ఉండాది. మాస్తి పక్క పల్లె పిల్ల. పట్టుగూళ్ల మార్కెట్‌లో పనికి పోయినామె తిరిగి రాలా."

నేను కంప్యూటరు తెరిచాను. పని రోజుల్లో పిల్లలందరూ పనిలోనే ఉన్నట్టు మిషన్ తనంతట తానే రాసుకునేలా నేనే పెట్టించాను. తెర మీద నాగవేణి పేరు పచ్చగా వెలుగుతోంది.

"పనిలోనే ఉంది సార్. మిషన్ చూసుకుంటుంది" అన్నాను.

నాలుగు రోజులకు మళ్లీ వచ్చాడు. "ఊరికి పోయిందంట. ఎందుకు పోయిందో హాస్టల్ పిల్లోళ్లకు గూడా సరిగ్గా తెలీదు. పోయి చూసొద్దాం రాప్పా."

"కమిటీ వస్తా ఉంది సార్. మీరే ఒకసారి పోయి రండి."

"నా మోకాళ్ల సంగతి అట్లుండనీ. మేకు ఖాలీగా ఉంటే టైమాఫీసు గుమాస్తా ఒక్కడే పోయేది కాదప్పా. షిఫ్ట్ పెద్ద గూడా పోవల్ల. లేకుంటే కింద ఉన్నోడిని ఎవురు పైకి తెస్తారు?"

మూడోసారి వచ్చినప్పుడు నేను విసుక్కున్నాను. ఇది గని కాదు సార్ అన్నాను. ఆయన చెప్పులు వేసుకుని మెల్లగా మెట్లు దిగిపోయాడు. ఇది రాసేటప్పుడు ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

టీ అంగట్లో

కమిటీ వచ్చింది, మిషన్ ముందు మొహాలు పెట్టి నవ్వుకుంది, మమ్మల్ని మెచ్చుకుని వెళ్లింది. యూనివర్సిటీ అయినట్టే అన్నారు. ఆ సాయంత్రం అందరికీ నా తరఫున టీ అని సెల్వి అక్క అంగడికి బయలుదేరాను. కొత్త సూటు, కొత్త బూట్లు, కమిటీ కోసం కొన్న సెంటు.

బోర్డు నిండా బిళ్లలు మెరుస్తున్నాయి. నడిమధ్య ఒక మేకు ఖాళీ. దాని ఎదురుగా బెంచీ మీద గోవిందప్ప సార్.

"పదిహేను దినాలు సార్" అంది సెల్వి అక్క, నేను అడగకముందే. "నేను అంగడి మూసేదాకా ఈడే కూసోనుంటాడు. పొమ్మంటే పోడు. షిఫ్ట్ కాలేదంటాడు."

నాకు మా నాన్న కుంటి నడక గుర్తొచ్చింది. ఆ రోజు ఈయన కూడా ఏదో కమిటీ వస్తోందని రిజిస్టరు మూసేసి ఉంటే నేను ఎంకాం చదివేవాణ్ణి కాదు. ఆ ఎంకాం పొగరుతోనే కదా నేను ఈయన్ను మూడుసార్లు వెనక్కి పంపించింది. "పొద్దున్నే పోదాం సార్" అన్నాను. ఆయన సరే అన్నట్టు తలూపాడు, అంతే.

పురుగుల ఇంటి గుమ్మం

మాస్తి దాటాక ఆ పల్లె. మల్బరీ తోట చివర పట్టుపురుగుల షెడ్డు. నాగవేణి తలకు గుడ్డ కట్టుకుని, ఆకు మోపు దించుతూ మమ్మల్ని చూసి నిలబడిపోయింది. పిల్ల సగమైపోయింది. నేను హడావిడిగా షెడ్డులోకి అడుగు వేయబోయాను.

"సార్, ఆడే ఉండండి!" అని అరిచింది. తర్వాత భయపడి గొంతు తగ్గించింది. "సెంటు వేసుకోనుండారు కదా సార్. ఆ వాసనకు పురుగులు చచ్చిపోతాయి."

నిన్నటి సెంటు చాలదన్నట్టు పొద్దున మళ్లీ పూసుకున్నాను మరి. గోవిందప్ప సార్ సున్నపు నీళ్లలో కాళ్లు కడుక్కుని లోపలికి పోయాడు. రిజిస్ట్రారు గారు ఎండలో, కోళ్ల మధ్య నిలబడ్డారు. మాటలన్నీ గుమ్మం ఇవతల నుంచే విన్నాను.

పురుగులు రెండో జ్వరం లేచిన రోజున, అంటే రెండోసారి పొర విడిచి ఆకుకు లేచిన రోజున, వాళ్లమ్మ మిద్దె మెట్ల మీద నుంచి పడి చేయి విరగ్గొట్టుకుంది. నాయన లారీ డ్రైవరు, టమాటా లోడుతో ఉత్తరాదికి పోయాడు. పురుగులకు పూటపూటకూ ఆకు వేయకపోతే ఇంటిల్లిపాది కష్టం నేలపాలు. మార్కెట్‌లో పని చేస్తుండగా కబురు వచ్చి, అక్కడి నుంచే బస్సెక్కింది.

"ఆఫీసుకు ఫోన్ చేయకూడదా అమ్మా?" అన్నాను బయటి నుంచి.

"చేసినా సార్. మీరే మాట్లాడినారు. ఒకటి నొక్కమంటిరి, నొక్కితి. రెండు నొక్కమంటిరి, నొక్కితి. మళ్లా మొదట్నుంచి స్వాగతం అన్నారు. మూడు దినాలు చేసినా సార్."

గోవిందప్ప సార్ దగ్గాడో నవ్వాడో నాకు తెలియలేదు.

"ఆమీట మా నాయన సెల్‌కు ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది. క్లాసు దినాల హాజరు చాల్లేదు, పరీక్షల నుంచి పేరు తీసేసినామని. ఇంగ చదువు అయిపోయిందనుకొన్నాం. పురుగులు గూడు కట్టినాక గార్మెంట్ ఫ్యాక్టరీకి పోతానని మా అమ్మకు చెప్పినా." ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమె. ఇంకొక్క పరీక్షల కాలం మిగిలి ఉంది.

నాగవేణి తెచ్చిన ఆకు పురుగుల మీద పరిచింది. తర్వాత ఆమె గుమ్మం దగ్గరికి వచ్చి, కొంగున కట్టిన ముడి విప్పి ఇత్తడి బిళ్ల చూపించింది.

"బిళ్ల నా కాడే ఉండాది సార్. బిళ్ల తిరిగి రాకుంటే ఎవురో ఒకరు వెతుక్కుంటా వస్తారని మొదటి క్లాసులో గోవిందప్ప సార్ చెప్పినాడు కదా. దినామూ రోడ్డు దిక్కే చూస్తా ఉంటి." బిళ్లను బొటనవేలితో తుడిచింది. "బోర్డు తీసేసినారు కదా, ఇంగ ఆ మాట గూడా తీసేసినారేమో అనుకొన్నా."

నేను మొహం తిప్పుకుని మల్బరీ తోటలోకి నడిచాను. ఏడుపు వచ్చింది, దాచుకోవడానికి ఇంకెక్కడా చోటు లేదు. పోయినవాణ్ణి ఊరికే ఉండకుండా కొడవలి తీసుకుని ఆకు కోయడం మొదలుపెట్టాను. అరగంటకు వాళ్లమ్మ, విరిగిన చేయి మెడకు కట్టుకుని వచ్చి చూసింది.

"రెమ్మలు కొయ్యల్లప్పా, మొదళ్లు నరికేస్తే వచ్చే పంటకు ఏముంటాది?" అంది.

తిరిగి వచ్చేటప్పుడు నేను బిళ్ల తీసుకుపోతానన్నాను. గోవిందప్ప సార్ ఒప్పుకోలేదు. "ఎవురి బిళ్ల వాళ్లే తగిలించల్ల. గూళ్లు అమ్మినాక నువ్వే రామ్మా" అన్నాడు.

నా వాక్యం నాకే తగిలింది

ఆమె రావాలంటే పరీక్షల జాబితాలో పేరు ఉండాలి. పేరు తీసేసిన నిబంధన నాది. విద్యా మండలిని పిలిచి, నాగవేణి ఇంటిదగ్గర చేసిందే మన కాలేజీ చెప్పే పని, దాన్ని హాజరుగా లెక్కించాలి అన్నాను. మా ఎకనామిక్స్ మాస్టరు కళ్లజోడు సవరించుకుని, "ఎవరికీ, ఏ కారణం చేతనూ మినహాయింపు లేదు" అని చదివి వినిపించాడు.

"అది రాసినవాడు మూర్ఖుడు" అన్నాను.

"ఎవరు రాశారు సార్?"

"నేనే."

గది గొల్లుమంది. నవ్వు ఆగాక ఆ వాక్యం కొట్టేశాం. నా ఉద్యోగంలో నేను చేసిన ఒకే ఒక్క మంచి పని, నేను రాసినదాన్ని కొట్టేయడం.

తర్వాతి వారం కోలారు పట్టుగూళ్ల మార్కెట్‌లో నాగవేణి గూళ్లు అమ్ముతుంటే క్లాసంతా చుట్టూ నిలబడి చూసింది. మొదటి విడత వేలంలో ధర చెప్పారు. నేను వెనక నుంచి, "ఇచ్చేయమ్మా, మునెమ్మ ఏం చెప్పిందో తెలుసా" అని గొణిగాను. ఆమె ఒక గూడు చెవి దగ్గర ఆడించి, లోపల పురుగు కదిలే చప్పుడు విని, "ఇది టమాటా కాదు సార్, మధ్యాహ్నందాకా ఉంటాది" అని రెండో విడతకు ఆగింది. ఆగినందుకు మంచి ధర వచ్చింది. మండీలో నేర్చుకున్నదాన్ని మార్కెట్‌లో అప్పజెప్పబోయి రెండోసారి నవ్వులపాలయ్యాను. ఈసారి మాత్రం బాధపడలేదు.

అక్కడి నుంచి కాలేజీ బస్సులోనే వచ్చింది. సెల్వి అక్క అంగడి ముందు దిగి, ముడి విప్పి, బిళ్ల మేకుకు తగిలించింది. గోవిందప్ప సార్ బోర్డును ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి చూశాడు. బెంచీ పట్టుకుని మెల్లగా లేచాడు.

"షిఫ్ట్ అయిపోయిందప్పా. ఇంగ ఇంటికి పోదాం" అన్నాడు.

ఇప్పుడు

గోవిందప్ప సార్ లేడు. ఆ బెంచీ ఖాళీగా ఉంటే చూడలేక, రిటైరయ్యాక నేనే పోయి కూర్చుంటున్నాను. నాగవేణి సొంత ఊళ్లో పట్టుదారం తీసే యూనిట్ నడుపుతోంది. మా పిల్లలు అక్కడికి పనికి పోతారు. వాళ్లు బయలుదేరగానే ఎందరు బయలుదేరారో సెల్వి అక్కకు ఫోన్ చేసి చెబుతుంది.

ఈ వ్యాసం ఇంతటితో ముగిద్దామనుకున్నాను. కానీ మొన్న సాయంత్రం ఒక మేకు ఖాళీగా మిగిలింది. ముళబాగిలులో లారీ ఆఫీసుకు పనికి పోయిన పిల్ల తిరిగి రాలేదు. ఫోన్ ఎత్తడం లేదు. నేను గేటు దాటి, నా తర్వాత వచ్చిన రిజిస్ట్రారు గదిలోకి పోయాను. మంచివాడు, తెలివైనవాడు, మంచి సూటు వేస్తాడు, మంచి సెంటు పూస్తాడు. కంప్యూటరు తెరిచి, "యాప్‌లో పనిలోనే ఉన్నట్టు చూపిస్తోంది సార్. మీరు ఇంటికెళ్లి రెస్టు తీసుకోండి" అన్నాడు.

ఆ మాటలో ఎంత మర్యాద ఉందో, ఎంత జాలి ఉందో నాకు బాగా తెలుసు. కారులో నుంచి చేయి ఊపినవాణ్ణి కదా.

"అప్పా, నాకు మోకాళ్లు బాగానే ఉన్నాయి. ఒక్కణ్ణే పోగలను. కానీ షిఫ్ట్ పెద్ద కూడా రావాలి" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "కారు తియ్. దానికంటే ముందు, ఆ సెంటు కడుక్కునిరా."